మాటు

దుకాణంలో మడతపెట్టే గుడారం రెండు వందల పది డాలర్లట.
నియా యాంగ్ తన గరాజులో
ముప్ఫై ఎనిమిది డాలర్ల రశీదు చూపించాడు,
పందెం గెలిచినవాడిలా.
అరంగుళం పీవీసీ గొట్టాలు పన్నెండు,
మూడు నోళ్ళ మూలముక్కలు ఎనిమిది,
జిప్ టైల పొట్లం, మట్టిరంగు స్ప్రే రెండు డబ్బాలు.
గోనె సంచులు మాత్రం
కాఫీ గింజలు వేయించే కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చారు.

"మోకాలు మార్పించుకున్నాను. ఇక చెట్టెక్కి కూర్చోలేను.
నేలమీద పెట్టుకునేది కావాలి,
భుజానేసుకుని మైలు నడిచేంత తేలిక."
కిటికీల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు చేసిన మనిషి,
టేపు తీయకముందే కొలత చెప్పేస్తాడు.
నేను డ్రైక్లీనింగ్ కొట్టు వెనక గదిలో
వాసా ఊరి ప్యాంట్లకి అంచులు మడిచేదాన్ని.
పక్కింటిదాన్ని కూడా. అందుకే పిలిచాడు.

మిషను సూదులు మూడు విరిగాయి.
గోనెకి దబ్బనం కావాలని నా చేతికి తెలుసు,
దాని ఇంగ్లీషు పేరు నాకు తెలీదు.
గాల్లో కుట్టి చూపించాను.
లోపలికెళ్ళి వాళ్ళావిడ పెట్టెలోంచి తెచ్చాడు,
వేలెడు ఇనుప సూది, కొస కాస్త వంగి.
దబ్బనం, అన్నాను.
ఆయన హ్మాంగ్‌లో ఏదో అన్నాడు.
ఇంగ్లీషు మాట ఇద్దరం వెతకలేదు.

ఇక్కడ దీన్ని బ్లైండ్ అంటారు. గుడ్డిది.
నాలుగు పక్కలా కళ్ళు కోసి గుడ్డిది అనడమేమిటో.
పోనీ, గుడ్డతో చేసిందేగా అనుకుని
నాలో నేనే నవ్వుకున్నాను,
ఆ నవ్వు పంచుకోవడానికి వీధి మొత్తంలో ఒక్కరూ లేరు.

కాఫీ వాసన పోవాలని
సంచులు అక్టోబరంతా తాడుమీద తడిశాయి.
తర్వాత ఫెర్న్ ఆకులు అద్ది, పైనుంచి రంగు కొట్టాం.
ఆకు తీసేస్తే ఆకు లేనిచోటే ఆకు.
కీళ్ళకి జిగురు పెట్టలేదు,
ఊడదీస్తే కట్టెల మోపంత.
మోపుకి కట్టిన పట్టీ, పాత కారు సీటు బెల్టు.
కూర్చోడానికి పెయింటు బకెట్.

అంతా అయ్యాక నారింజరంగు గుడ్డ తెచ్చాడు,
కళ్ళు చెదిరే నారింజ.
నాలుగు పక్కలా కుట్టమన్నాడు.
"దాక్కోడానికేగా ఇంత చేశాం?"
"జింకకి ఈ రంగు కనపడదు" అన్నాడు.
ఆగి, "మనుషులకి కనపడాలి."
తుపాకుల సీజనులో అడవికి అది రూలట.
రూలుకి ఎంత కావాలో అంత కుట్టాను.
వేళ్ళతో తడిమి చూశాడు,
ఇంకొంచెం పెద్దది వెయ్యమన్నాడు.
వేశాను.
కప్పు మీద కూడా ఒకటి, అన్నాడు.
పైనుంచి ఎవరు చూస్తారని అడగబోయి
ఆయన మొహం చూసి
దారం ఎక్కించాను.

సీజను మొదటి శనివారం
తెల్లారకముందే ట్రక్కు వెళ్ళిపోయింది.
పనిలో స్టీమ్ ప్రెస్సు మూత పడ్డప్పుడల్లా
ఉలిక్కిపడ్డాను.
ఆరేళ్ళుగా వింటున్న చప్పుడే.

చీకటి పడ్డాక వచ్చాడు, ఉత్తచేతుల్తో, హుషారుగా.
నీలిపిట్ట ఒకటి కప్పు మీద వాలి
అరగంట కూర్చుందట,
దాని గోళ్ళు గోనె పట్టుకోవడం
తలకి జానెడు పైన వినిపించిందట.
జింక ఊసే లేదు.
వస్తూ వస్తూ ముళ్ళకంచెకి తగిలించుకున్నాడు,
ఎడమ కిటికీ కింద బెత్తెడు చిరుగు.

మాటున కూర్చునే దానికి మాటు వెయ్యాలి.
ఇదీ ఎవరికీ చెప్పలేను.
గోధుమరంగు దారం అయిపోయింది.
నారింజది ఉంది, వెయ్యనా అన్నాను.
వెయ్యి, అన్నాడు,
సూది నా చేతిలో పెడుతూ. వెయ్యి.